చెరిగిన వరుస

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో రోజూ కుక్కర్ కూత పెట్టే వేళకు అరుణశ్రీ ట్యాబ్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, చిన్న కీబోర్డు ముందుకు లాక్కునేది. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి ఎడిటర్‌లో తమ గల్లీ కథ, ఒక్కో మనిషికీ ఒక్కో వరుస పెట్టి, రాసుకుంటోంది. అక్కడ ప్రతి పనీ మీటలతోనే చెప్పాలి. 'డి' రెండుసార్లు నొక్కితే కర్సర్ ఉన్న వరుస మొత్తం పోతుంది. సేవ్ చేసి మూసేశాక ఇక వెనక్కి రాదు.

అందులో ఏముంటే గల్లీలో అదే ఉండేది. పొంగే మురుగు మోరీని చెరిపితే మోరీ పొంగడం ఆగింది. నల్లా నీళ్ళు పొద్దున్నే వస్తాయని రాస్తే వచ్చాయి. ఎవరూ వింతపడలేదు. "మా మెట్లకాడ లైటు గూడ రాయి వదినా" అని పక్కింటి కృష్ణకుమారి గోడ మీంచి అడిగేది.

ఒక పొద్దున భర్త ఉపేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎల్‌బీ నగర్‌లో ఒక చీరల షోరూంలో అతనూ, గల్లీ చివర ఉండే మధూ సేల్స్‌మెన్.

"మేనేజర్ పోస్టు మధుగానికే ఇస్తున్నరు. వాని వరుస తీసెయ్యి."

"మధు మనిషి. మోరీ కాదు."

"నొప్పి లేదు, నెత్తురు లేదు. ఎవ్వలకూ యాదికుండడు. ఏమైతది?"

"ఆయనకు పెండ్లాం ఉన్నది."

"ఆమె గూడ మరిచిపోతదిలే."

చొక్కా ముడత సవరించుకుంటూ, అంత నింపాదిగా అన్నాడు. అరుణశ్రీ ఎడిటర్ మూసేసింది. ట్యాబ్ బీరువాలో పెట్టి పాలకు పోయింది.

తిరిగొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి చూస్తే ట్యాబ్ మంచం మీద ఉంది. ఎడిటర్ మూసి ఉంది. గుమ్మంలో అతని చెప్పులు లేవు. కొక్కేనికి అతని చొక్కాలు లేవు.

"అత్తమ్మా, మీ కొడుకేడి?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న యాదమ్మ తలెత్తింది. "నాకు కొడుకెక్కడిది బిడ్డా?"

అరుణశ్రీ ఫైలు తెరిచింది. మధు వరుస చెక్కుచెదరలేదు. దాని పైన ఉండాల్సిన ఉపేందర్ వరుస లేదు. మధు వరుస తీసెయ్యబోయి, కర్సర్ ఎక్కడుందో చూసుకోకుండానే 'డి' నొక్కేసి, సేవ్ చేసి మూసేశాడు. రాసిన మనిషి గనుక ఆమెకొక్కదానికే అతను గుర్తున్నాడు, మెడలో పుస్తెలతాడూ మిగిలింది.

పోయినదాన్ని మళ్ళీ టైపు చేసింది. ఉపేందర్, యాదమ్మ కొడుకు, చీరల షోరూంలో సేల్స్‌మన్, ఆ తర్వాత 'అరుణశ్రీ భర్త' అని ఉండేది. అక్కడ వేళ్ళు ఆగాయి. "ఆమె గూడ మరిచిపోతదిలే." ఆ గొంతు చెవిలోంచి పోవడం లేదు. పొయ్యి మీద పాలు పొంగి, మాడు వాసన ఇల్లంతా కమ్మింది. ఆమె లేవలేదు. చివరికి ఆ రెండు మాటలూ రాయకుండానే కామా చెరిపి, ఫుల్‌స్టాప్ పెట్టి, సేవ్ చేసింది.

మెడ తేలికైంది. తడుముకుంటే పుస్తెలతాడు లేదు. బాత్రూంలో నీళ్ళ చప్పుడూ, ఉపేందర్ దగ్గూ వినిపించాయి.

యాదమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవరు కావాలమ్మా?"

"రూం కిరాయికున్నదేమోనని అడగనీకొచ్చిన, పెద్దమ్మా."

"లేదు బిడ్డా. మా పిలగానికి పెండ్లి చెయ్యాలె. రూం వానికే."

అరుణశ్రీ తలూపి, ట్యాబ్ చంకన పెట్టుకుని, మెట్లు దిగింది.