ధనలక్ష్మి ఊరి దారి

మా వైపు బండి వెనక సీటు ఖాళీగా పోదు. బస్సు రాని ఊళ్లే ఎక్కువ. దారి పక్కన ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, నడిపేవాడు ఆపుతాడు, ఎక్కినవాళ్లు తమ ఊరి అడ్డదారి దగ్గర భుజం తట్టి దిగిపోతారు. పేరు అడగాలని కూడా ఎవరికీ తోచదు.

నా బండిని మాత్రం ఎవరూ ఆపరు. వెనక సీటు మీద రబ్బరు తాళ్లతో బిగించిన నీలం పెట్టె ఉంటుంది. అందులో ఐసు సంచుల మధ్య తెమడ డబ్బీలు ఉంటాయని అటు గోపాల్‌పేట వైపు, ఇటు పెద్దమందడి వైపు అందరికీ తెలుసు. టీబీ ఉందేమోనని అనుమానం వచ్చినవాళ్ల తెమడ ఊళ్ల నుంచి తెచ్చి, మధ్యాహ్నంలోపల వనపర్తి పెద్ద దవాఖాన ల్యాబులో అప్పజెప్పడం నా పని. దూరం నుంచి నన్ను చూసి పైకి లేచిన చెయ్యి, పెట్టె కనపడగానే తల గోక్కోవడానికి పోతుంది. మొదట్లో బాధగా ఉండేది. తర్వాత తర్వాత అలా ఎవరూ ఆపకపోవడమే బాగుందనిపించింది.

బండి మా అన్న రవిది. గద్వాల దగ్గర సీడు పత్తి చేలల్లో పనికి కుదిరి, అమ్మను కూడా తీసుకుపోతూ దాన్ని నాకు వదిలేశాడు. నేను గోపాల్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కొన్ని రోజులైతే నేను మాట్లాడేదల్లా, రోగం బయటపడినవాళ్లకు చెప్పే నాలుగు మాటలే. "భయపడకు అక్కా. ఆరు నెలలు గోలీలు మింగితే పోతది. ఒక్కనాడు గూడ బంద్ చెయ్యకు. ఇంట్లోళ్లకు చెప్పు, దాచకు."

మిగతాదంతా దారే.

పెద్దమందడి దారిలో మొదటి నాలుగైదు కిలోమీటర్లు నేను నేనుగానే ఉంటాను. గది అద్దె, అయిపోవస్తున్న గ్యాసు, నిన్న అమ్మ ఫోనెత్తలేదన్న దిగులు వెంట వస్తూనే ఉంటాయి. కాలువ వంతెన దాటాక నాలుగో గేరు పడుతుంది. ఇంజను మోత ఒక్క తీరున సాగుతుంది. ఎప్పుడని చెప్పలేను, కాసేపటికి ఆ మోత వినపడదు. వినపడటం లేదన్న సంగతీ తెలియదు. వడ్లు ఆరబోసిన చోట సగం రోడ్డుకు రాళ్లు పేర్చి ఉంటాయి, బండి దానంతట అదే పక్కకు ఒరుగుతుంది. బర్రె రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తుండగానే నా వేళ్లు బ్రేకు మీదికి వచ్చి ఉంటాయి. గుట్ట, తంగేడు పొద, కరెంటు స్తంభం, పల్లి చేను. వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోతాయి. దేన్నీ పట్టుకోవాలనిపించదు. బళ్లో చదివేటప్పుడు మా సారు ధ్యానం చేయమని కళ్లు మూయించేవారు. కళ్లు మూస్తే నాకు మధ్యాహ్న భోజనం పప్పు వాసనే వచ్చేది. ఆయన చెప్పినది కళ్లు తెరుచుకుని, నలభై ఐదు మీద పోతుంటే ఇప్పుడు దొరికింది.

బండి మీద దగ్గు కూడా వచ్చేది కాదు.

దగ్గు దసరా ముందు మొదలైంది. గదిలో దగ్గేదాన్ని, డబ్బీలు సర్దేటప్పుడు మాస్కులోనే దగ్గేదాన్ని. పొద్దున లేచేసరికి దిండు తడిసి ఉండేది. పెళ్లికి కుట్టించుకున్న జాకెట్టు వదులైందని ఒకామె నాతో చెప్పుకుంటే, అప్పుడు నా గాజులు మోచేతి దాకా జారుతున్న సంగతి చూసుకున్నాను. ఊరూరా నేను చెప్పే గుర్తులే అన్నీ. అయినా కాలువ వంతెన దాటితే ఊపిరి మెత్తగా ఆడేది. ఏమీ లేదులే అనుకునేదాన్ని.

నాకు రోగం ఉందని తెలిస్తే పెట్టె ఇంకొకరికి ఇస్తారు. పెట్టె లేకపోతే ఆ దారిలో నాకు పని లేదు. పని లేకపోతే అన్న గద్వాలకు రమ్మంటాడు, ఊరికే ఉన్న బండి ఎందుకని అమ్ముదామంటాడు. నాకున్నది రోజుకు దారి మీద గడిచే ఆ గంటన్నరే. అది పోతుందని భయపడ్డాను. రోగానికి అంత భయపడలేదు.

ఒక సోమవారం పొద్దున నా తెమడ ఒక డబ్బీలో పట్టి, చీటీ రాశాను. ధనలక్ష్మి, ముప్పై ఏళ్లు. ఊరు కావాలి కదా, పెద్దమందడి అవతల గుట్ట వెనక ఇరవై ఇళ్ల పల్లె ఒకటి వెతికి రాశాను. ఆ ఊరికి ఆశా కార్యకర్త లేదు. ఉంటే ఆమెను అడగ్గానే బయటపడేది, ఆ భయం లేదు. ఫోన్ దగ్గర, లేదు అని రాశాను. చాలా తెలివిగా చేశాననుకున్నాను.

బుధవారం ల్యాబుకు పోయేసరికి ఇస్రాయేలన్న తలుపు దగ్గరే ఉన్నాడు. మిషను మీద పరీక్ష చేసేది ఆయనే.

"వచ్చినవా విమానం. గింత జల్దీ ఎట్లొస్తవ్ చెల్లె, కాలువల పడి కొట్టుకొస్తవా?"

నేను పెట్టె దించాను. ఆయన డబ్బీలు లెక్క చూసుకుని, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

"సోమవారం పెట్టెల ఒకరికి టీబీ తేలింది. ధనలక్ష్మి. ఫోన్ లేదంట, ఆ ఊర్ల ఆశా గూడ లేదు. ఈ కాలంల ఫోన్ లేని మనిషి యాడ దొరికిందమ్మా నీకు?"

కాగితాన్ని రెండు మడతలు పెట్టాను.

"నువ్వే పోయి చెప్పి రా. ఆధార్ కార్డు తెచ్చుకోమను, గోలీలు మొదలువెట్టాలె. జర నీ తీరుగ చెప్పు. నువ్వు చెప్తే ఏడ్వరు."

"ఇప్పుడేనా అన్నా?"

"మరి దసరాకు పోతవా? అది అయిపాయె."

ఫోన్ లేని, ఆశా లేని ఊరి మనిషికి ఫలితం చెప్పేది ఎప్పుడూ నేనే. రెండేళ్లుగా చేస్తున్న పని. చీటీ రాసేటప్పుడు అది గుర్తు రాలేదు.

కడగడానికి పెట్టెను ల్యాబులోనే ఉంచి బయలుదేరాను. వెనక సీటు ఖాళీ. తప్పించుకునే దారి ఒకటి ఉంది. మా జిల్లాలో వెతికితే దొరకని రోగులు కొత్త కాదు. బతకబోయింది, ఎక్కడికో తెల్వదు అని కాగితం మీద రాస్తే ఇస్రాయేలన్న తల ఊపి ఫైలులో పెట్టేస్తాడు. ధనలక్ష్మి కూలి పనికి ఏ పుణెకో పోయినట్టు. నేను మళ్లీ సోమవారం పెట్టె కట్టుకుని ఇదే దారిలో పోవచ్చు.

రాస్తాను అనుకున్నాను. రాయకూడదు అనుకున్నాను. వంతెన వచ్చింది, నాలుగో గేరు పడింది. ఆ తర్వాత ఏమనుకున్నానో నాకు తెలియదు. కోసిన వరి మళ్లు, రోడ్డు మీద వడ్లు, వాటిని కాళ్లతో దున్నినట్టు తిప్పుతూ నడిచే ఒక ముసలాయన. చల్లటి గాలి, వెచ్చటి ట్యాంకు. నా పేరు నవనీత కాదు, ధనలక్ష్మీ కాదు. రోగం కూడా ఎవరిదో.

డాంబరు అయిపోయి మట్టిదారి మొదలైనప్పుడు ఉలిక్కిపడ్డాను. ఊరు వచ్చేసింది.

ఇంజను ఆపగానే దగ్గు వచ్చింది. పొట్ట పట్టుకుని దగ్గాను. మొదటి ఇంటి ముందు గిన్నెలు తోముతున్న ఆమె చెయ్యి ఆపి చూసింది.

"ఎవ్వరు గావాలె?"

"ధనలక్ష్మి అని."

"గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరు." నా మెడలోని కార్డు చూసింది. "ఎందుకు, పింఛనొచ్చిందా? వస్తే నేనే ధనలక్ష్మి అనుకో, ఇచ్చిపో."

"బతకబోయినోళ్లల్ల ఉందా?" అని అడిగాను. అడుగుతుంటే నా గొంతు నాకే సిగ్గనిపించింది.

"పుట్టిన మనిషైతే గద బతకబోయేది," అని ఆమె మళ్లీ గిన్నె అందుకుంది.

ఊరు దాటి, గుట్ట మొదట్లో ఒక బండరాయి దగ్గర ఆగాను. చుట్టూ ఎవరూ లేరు. ఇంత దూరం చెప్పడానికి వచ్చాను కాబట్టి చెప్పేసి పోదామనిపించింది. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, మామూలుగా చెప్పేటట్టే మొదలుపెట్టాను. భయపడకు అక్కా. ఆరు నెలలు గోలీలు మింగితే పోతది. ఒక్కనాడు గూడ బంద్ చెయ్యకు. అక్కడిదాకా గొంతు సాఫీగానే వచ్చింది. ఇంట్లోళ్లకు చెప్పు అనే చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఎంతమందికి చెప్పానో ఆ మాట, గేటు దగ్గర నిలబడి, బండి స్టార్టులోనే ఉంచి.

బండి వనపర్తి వైపు తిప్పాను.

ఇస్రాయేలన్న టిఫిను డబ్బా తెరుస్తున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది," అని నా ఆధార్ కార్డు బల్ల మీద పెట్టి, తలుపు దాకా వెనక్కి నడిచి నిలబడ్డాను.

ఆయన కార్డు చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు. డబ్బా మూత పెట్టేశాడు.

"గంత దూరం పోయొచ్చినవా చెల్లె, నీకు నువ్వు చెప్పుకోనీకి?"

నా దగ్గర ఒక్క ప్రశ్నే ఉంది. "బండి నడపొచ్చా అన్నా?"

"ముందుగాల దగ్గు తగ్గనీ. అందాక పెట్టె మన ల్యాబు సతీష్ తీస్కపోతడు. తర్వాత సూద్దాం."

రోగులు ఏదైనా గట్టిగా అడిగితే నేను కూడా సూద్దాం అనే అంటాను.

గోలీల పొట్లం ట్యాంకు కవరులో పెట్టుకుని గోపాల్‌పేటకు బయలుదేరాను. నాగర్‌కర్నూల్ రోడ్డులో వనపర్తి దాటగానే, ఒక అడ్డదారి దగ్గర ముసలామె సంచి చంకన పెట్టుకుని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. రెండేళ్లలో నన్ను ఆపింది ఆమె ఒక్కతే. నేను ఆపేలోపలే వచ్చి ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టింది.

"ఎక్కకవ్వా." చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. "నాకు టీబీ ఉన్నది. ఇయ్యాల్నే తెలిసింది."

ఆమె కాలు దించింది. నన్ను, ఖాళీ సీటును చూసింది.

"నువ్వు డబ్బాల పిల్లవు గాదూ? డబ్బ ఏది?"

"ఇచ్చేసిన అవ్వా."

"ఊ." సంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "మా ఆయిన చెప్పకుండనే పాయె. ఇంటిల్లిపాది ఒక్క చెంబుతోనే తాగితిమి." ఒక అడుగు వెనక్కి వేసి, "పో బిడ్డా, పైలం. నేను ఎన్కొచ్చే బండికి వస్త," అంది.

అద్దంలో చూశాను. ఆమె మళ్లీ రోడ్డు వైపు తిరిగి చెయ్యి సిద్ధంగా పెట్టుకుంది. గదికి పోగానే అమ్మకు ఫోన్ చేయాలి. మొదటి మాట ఏం చెప్పాలో కూర్చుకుంటూ నాలుగో గేరు వేశాను. కాసేపటికి బండి మీదే దగ్గు వచ్చింది. పక్కకు తీసి, దగ్గి, మళ్లీ కదిలాను. ఇంజను మోత గోపాల్‌పేట దాకా వినపడుతూనే ఉంది.