రాలిన గింజలు

ఉప్పు ఒక పిసరు తక్కువ, బఠానీ చితికిపోయింది, శనగ ఇంకా పంటికి అడ్డం పడుతోంది, బార్లీ ఒకటే కాస్త నయం, పదికి నాలుగు, అంతకు మించి ఒక్కటీ వెయ్యలేను, అని నాలిక ఎవరూ అడక్కుండానే తీర్పు చెప్పేసింది, దాని తప్పేం లేదు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి గది అని ఒకటుంటే, ఉద్యోగమంతా అందులోనే కూచుని కొరికి, నమిలి, మార్కులు వేసి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేసి, గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి తర్వాతి ముక్క అందుకున్నవాణ్ని, అక్కడ మింగడమే తప్పు, మింగితే కడుపు నిండుతుంది, కడుపు నిండితే నాలిక మొద్దుబారుతుంది, అందుకే ఇప్పుడు కూడా చెయ్యి దానంతటదే కాగితం రుమాలు అందుకుంది, నోట్లోది అందులోకి వెళ్లింది, రుమాలు మడతపడి పళ్లెం కిందికి జారింది, వంటింట్లోంచి మేనకోడలు కేకేస్తోంది, మావయ్యా, తింటున్నావా, తింటున్నానే తల్లీ, ఏం తింటున్నావో, చప్పుడే లేదు, ఉడికిన బఠానీకి చప్పుడేముంటుందే, అది నవ్వలేదు, పంపు కట్టేసింది, మామూలుగా నా మాటకి నవ్వే పిల్ల, ఈ మధ్య నవ్వడం మానేసింది, తూకం యంత్రం మీద నన్ను నిలబెట్టి ముల్లు వంక చూసినప్పటినుంచీ దాని మొహం అలాగే ఉంది.

ఆ ముల్లు సంగతే సర్జన్ కూడా అన్నాడు, కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి, చిన్నపిల్లలు గీసే గొంగళిపురుగులా ఉంది అది, ఇదుగో ఇక్కడ గడ్డ, ఈ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి అతుకుతాం, అతుకు మానితే మీరు గెలిచినట్టే, గడ్డ ఇంకా దారి మూసెయ్యలేదు కాబట్టి ఇప్పుడు అన్నీ తినొచ్చు, ఆపరేషన్ దగ్గర పడ్డాక మాత్రం మేం చెప్పిందే తినాలి, కానీ బరువు ఇలాగే దిగిపోతుంటే నేను కత్తి పట్టను, వాయిదా వేస్తాను అన్నాడు, గడ్డ వాయిదా వేసుకుంటుందా అని అడుగుదామనుకుంటుండగానే నన్ను బయట కూచోమని మేనకోడలితో ఏదో మాట్లాడాడు, అక్కణ్నించి మమ్మల్ని తిండి డాక్టరమ్మ గదికి పంపారు, చిన్నదే, జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది, నిన్న ఏం తిన్నారండీ అంది, శనగలు, కొంచెం పచ్చివాసన, నాలుగు, క్యారెట్, తాజాదే, ఆరు, అని చెబుతూ పోతుంటే ఆపి, మార్కులు కాదండీ, మింగారా అంది, మేనకోడలు నా వంక చూసింది, నేను కిటికీ వంక చూశాను, అప్పుడావిడ చెప్పింది, పేగులో కంటికి కనపడని బాక్టీరియా కోట్లలో కాపురం ఉంటుందట, గింజల్లో, కూరల్లో ఉండే పీచు మనకి అరగదు, అది వాటి భోజనం, అవి తిని పేగు గోడకి బలమిచ్చే పదార్థాలు తయారు చేస్తాయట, ఒకే రకం పెడితే ఆ రకం తినేవే మిగులుతాయి, అందుకని రకరకాలు పెట్టండి, ఆపరేషన్ ముందు మందులిచ్చి పేగు కడిగేస్తారు, అప్పుడు చాలా పోతాయి, మిగిలినవే మళ్లీ పెరగాలి, ఇప్పటినుంచే వాటిని బాగా చూసుకుంటే మీరు తొందరగా కోలుకోవచ్చు, అతుకు మానడానికీ సాయం దొరకొచ్చు, అలాగని ఒట్టేసి చెప్పలేనండీ, పరిశోధన ఇంకా జరుగుతోంది అంది, ఆ ఒట్టేసి చెప్పలేను అన్న మాట నాకు నచ్చింది, మా రుచి గదిలో కూడా దేనికైనా పదికి పది వేసేవాణ్ని మేం నమ్మేవాళ్లం కాదు, లేచి వచ్చేస్తుంటే ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగింది, ఇప్పుడు నేనొక్కణ్నే, ఈ పిల్ల నా జబ్బు సంగతి విని వచ్చింది, రెండేళ్ల కిందటిదాకా మా అక్క ఉండేది, ఇద్దరం పుట్టినప్పట్నించీ ఒకే ఇంట్లో అన్నాను, అలా ఏళ్ల తరబడి కలిసి తింటూ బతికినవాళ్ల కడుపుల్లో కొన్ని బాక్టీరియా ఒకటే ఉంటాయండీ, ఒకరినుంచి ఒకరికి వస్తాయి అంది, అవునా అన్నాను, గొడుగు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను అప్పుడు, సరిగా వినలేదు.

గొడుగు అక్కదే, పిడి దగ్గర గుడ్డ చుట్టింది, గింజల కొట్టుకి వానలో అదే వేసుకుని వెళ్లేది, ఆ వీధిలో అందరికీ తను గింజలక్క, నన్ను ఫ్యాక్టరీలో నాలిక మాస్టారు అన్నట్టే, అమ్మ పోయేనాటికి నేను చెప్పులు సరిగా వేసుకోవడం కూడా రాని వాణ్ని, అక్కకేమో జడ వేసుకోవడం అప్పుడప్పుడే వచ్చింది, ఆ చేత్తోనే కొట్టులో చేట పట్టింది, వరసగా బస్తాలు, శనగలు, బఠానీలు, అలసందలు, గోధుమలు, బార్లీ, చిక్కుడు గింజలు, ఒక్కో బస్తాకి ఒక్కో డబ్బా, తోడి తూచేటప్పుడు చేతిలోంచి నాలుగు గింజలు రాలతాయి, తూకం బల్ల కింద చెక్క తొట్టిలో పడతాయి, సాయంత్రానికి అన్నీ కలిసిపోయి ఏ బస్తాలోకీ తిరిగి వెయ్యడానికి పనికిరావు, తీసుకుపోమ్మా అనేవాడు యజమాని, అక్క జల్లించి, రాళ్లు ఏరి, కడిగి, రాత్రి నానేసి, మర్నాడు పెద్ద కుండలో అన్నీ ఒకేసారి పడేసేది, కిటికీ అద్దం మీద ఆవిరి పట్టేది, నేను దాని మీద వేలితో లెక్కలు చేసుకునేవాణ్ని, ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన, ఆ వాసన వస్తే ఆకలి వేసేది, ఎంత ఆకలి, ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆకలి మీదే బెంగగా ఉంది, ఆ కుండలో ఏ రెండు ముద్దలూ ఒకలా ఉండేవి కావు, ఒకటి మెత్తన, ఒకటి గట్టి, ఇవాళ గోధుమ ఎక్కువ, రేపు అలసంద ఎక్కువ, ఫ్యాక్టరీలో చేరిన వారానికే నాకు పెద్దరికం వచ్చేసింది, నాలుగు మార్కులక్కా అన్నాను, ఎందుకురా నాలుగు, సమానంగా లేదక్కా, మా దగ్గర ఒక్క బిస్కెట్ తేడాగా ఉంటే ట్రే మొత్తం వెనక్కి పంపిస్తాం తెలుసా, అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, ఇవేమన్నా నీ బిస్కెట్లట్రా, ఒక్కోటి ఒక్కో బస్తాలోంచి దూకి వచ్చింది, ఎవరి పొగరు వాళ్లది, నీ మార్కులు నువ్వు వేసుకో, మింగడం మాత్రం మింగు, ఇక్కడ ఉమ్మే గిన్నె లేదు అంది, అని, తను ఉప్పు చూసిన గరిటె అలాగే నా నోటికి పెట్టేది, ఎంగిలక్కా అంటే, అక్కది ఎంగిలేంట్రా వెధవా అనేది, ఇల్లరికం వచ్చిన బావ ఎటో వెళ్లిపోయాక పుట్టింది కదా ఈ మేనకోడలు, దానికీ అదే గరిటె, ముగ్గురికీ ఒకటే గరిటె, దాన్ని కడిగేలోపే ఇంకొకళ్లకి ఆకలి వేసేది.

అక్క పోయాక కుండ దించడం నావల్ల కాలేదు, ఒకడికోసం ఏం వండుతాం, పొద్దున టీ, బిస్కెట్, మధ్యాహ్నం బిస్కెట్, టీ, రిటైరైన వాళ్లకి ఫ్యాక్టరీ నెలనెలా డబ్బా పంపిస్తుంది, అన్నీ సమానం, మొదటిదీ చివరిదీ ఒకటే రుచి, ఏడెనిమిది మార్కులకి తగ్గదు, హాయిగానే ఉందనుకున్నాను, అబద్ధం, హాయిగా లేదు, చవి లేదు, టీలో ముంచితే నమిలే పని కూడా లేదని తిన్నాను, ఎంగిలి పడ్డావట్రా అని అడిగే మనిషి లేకపోతే తిన్నా తినకపోయినా ఒకటే అనిపించింది, అదిగో మేనకోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది, నా ఎదురుగా కూచుంది, కళ్లు తిన్నగా పళ్లెం కిందికే పోయాయి, వాళ్లమ్మ చూపే, రుమాలు లాగి మడత విప్పింది, తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బావుండేది, చితికిన బఠానీని వేలితో అటూ ఇటూ జరిపి, ఊసేశావా మావయ్యా అంది, అలవాటే, అంతే, ఊరికే, అన్నాను, ఆరు రకాలు కొన్నాను మావయ్యా, అమ్మలాగే అన్నీ ఒకేసారి వేశాను, కుదరలేదు, నాకు తెలుసు కుదరలేదని, కానీ మావయ్యా, వాయిదా వేస్తే ఏమవుతుందో ఆ డాక్టరు నిన్ను బయటికి పంపించాక నాకు చెప్పాడు, అమ్మ ఎలాగూ వెళ్లిపోయింది, నువ్వు కూడా వెళ్లిపోతే నన్ను చిన్నప్పుడు చూసినవాళ్లు ఒక్కళ్లూ ఉండరు, అంటూ ఏడుస్తూనే గరిటె తీసుకుంది, గిన్నెలో ముంచి కొసన రుచి చూసింది, ముక్కు ఎగబీల్చింది, ఉప్పు తక్కువే, నిజమే నువ్వు చెప్పింది అంది, నేను పైకి ఏమీ చెప్పనేలేదు, చిటికెడు ఉప్పు వేసి కలిపి, అదే గరిటె నింపి నా మొహం దాకా తెచ్చింది.

ఎంగిలే అనబోయాను, నోరు తెరిచేసరికి గరిటె లోపలికి వచ్చేసింది, గోనెసంచి వాసన, చాలా సన్నగా, ఉందో నేనే అనుకుంటున్నానో, శనగ గట్టిగా, అలసంద మెత్తగా, ఎవరి పొగరు వాళ్లది, నాలిక నాలుగు అనబోయింది, నువ్వుండవే, అన్నాను దాన్ని, ఒకరినుంచి ఒకరికి వస్తాయండీ అందిగా ఆ తిండి డాక్టరమ్మ, గొడుగు వెతుకుతూ విని వదిలేసిన మాట, ఇప్పుడు నోట్లో ముద్దతో కూచుంటే పూర్తిగా వినపడుతోంది, ఒకే గరిటె, ఒకే కుండ, అన్నేళ్లు, కుండకి చిల్లు పడింది, కొట్టు మూసేశారు, అక్కని నా చేతులతోనే సాగనంపాను, మిగిలిందల్లా గొడుగొక్కటే అనుకుంటూ తిరుగుతున్నాను, మరి అక్క కడుపులోంచి నా కడుపులోకి వచ్చిన ఆ కంటికి కనపడనివి, అక్క రాలిన గింజలు ఏరి తెచ్చి పోషించినవి, అవెక్కడికి పోతాయి, ఇక్కడే ఉంటాయి, నా బొడ్డు వెనకాల, అక్క వెళ్లిపోయిన సంగతి తెలియక కుండ ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ, రెండేళ్లుగా నేను బిస్కెట్లు పడేస్తుంటే ఎన్ని పస్తులుండి ఎన్ని పోయాయో, కడిగేసే రోజు ముందుంది, ఆ రోజు ఇంకా కొన్ని పోతాయి, కొన్నైనా మిగలాలి, మిగలాలంటే ఇవాళే బలం పట్టాలి, ఆవిడ ఒట్టేసి చెప్పలేనంది, ఎవరూ చెప్పలేరు, ఫరవాలేదు, నమిలాను, ఇక్కడ ఉమ్మే గిన్నె లేదురా అని వినపడింది, మింగాను, గొంతులోంచి మెల్లగా దిగింది, దిగుతుంటే తెలుస్తోంది, మేనకోడలు కళ్లు తుడుచుకుని ఎన్ని మార్కులు మావయ్యా అంటోంది, గిన్నె దగ్గరికి లాక్కున్నాను, నన్నొక్కణ్నే అడిగితే ఎలాగే, తింటున్నది నేనొక్కణ్నే కాదుగా.