రోజుకి ఒక్క ప్రశ్న

ఆయన్ని అందరూ ఎంక్వయిరీ అనే పిలుస్తారు. అసలు పేరు ఇంటి గడప దాటితే ఎవరికీ గుర్తుండదు. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చోవడం ఆయన ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా అడిగిందే అడిగేవాళ్లు, చెప్పింది వినిపించుకోనివాళ్లు. బస్సు వస్తుందా, ఎప్పుడొస్తుంది, ఇంకా రాలేదేం? రాకపోతే ఆయన మాత్రం వీపున మోసుకొస్తాడా? చెప్పీ చెప్పీ విసుగెత్తి, చివరికి తలెత్తకుండానే గోడవైపు వేలు చూపించడం అలవాటు చేసుకున్నాడు. "బోర్డు మీద ఉంది, చూసుకోండి. తర్వాత ఎవరు?"

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి ప్రశ్నల పుట్టను కూతురిగా ఇచ్చాడు. నోరు తెరిస్తే ఎందుకు, ఏమిటి, ఎలా. అన్నీ యక్షప్రశ్నలే. ఇంట్లో ఎందుకమ్మ అని ముద్దుపేరు కూడా పెట్టేశారు.

సెలవులకి పాత గుళ్ల నగరం చూడటానికి బయల్దేరుతూ ఎంక్వయిరీ కూతురికి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "తల్లీ, ఈ సెలవులు నా చెవులకి కూడా. రోజుకి ఒక్కటే ప్రశ్న. సరేనా?"

ఎందుకమ్మ తలూపింది. ఎందుకని అడగబోయి, అది కూడా లెక్కలోకి వస్తుందేమోనని మింగేసింది.

పిల్ల మాట మీద నిలబడే రకం. రోజూ ఆ ఒక్క ప్రశ్నని జేబులో చాక్లెట్‌లా సాయంత్రం దాకా దాచుకునేది. చివరి రోజు మాత్రం కొంప మునిగింది. లాడ్జి మంచం మీద కళ్లు నులుముకుంటూ, "అప్పుడే తెల్లారిందా నాన్నా?" అంది.

"తెల్లారింది. ఇవాళ్టి ప్రశ్న అయిపోయింది."

"నిద్రమత్తులో అన్నది కూడా లెక్కేనా? మరీ చోద్యం కాకపోతే," అంది భార్య.

"అడిగింది, జవాబు చెప్పాను. లెక్కే." చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపల్లోపల మురిసిపోయాడు కూడా. మధ్యాహ్నం బస్సుకి తిరుగు ప్రయాణం. ఇల్లు చేరేదాకా చెవులు చల్లగా ఉంటాయనుకున్నాడు.

ఇక చూడాల్సింది పెద్ద గుడి ఒక్కటే. లాడ్జి సందు చివర సైకిల్ రిపేరు కొట్టు దాటి మలుపు తిరిగారో లేదో, ఎదురుగా గుడి నిలబడి ఉంది. తల వెనక్కి వంచితే తప్ప కొస అందదు. లోపలికి వెళితే స్తంభానికో నాట్యగత్తె, ఆమె కాలి గజ్జెలో గింజలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. రాతి చిలక ముక్కున రాతి పండు. చేయి తిరిగిన పనివాళ్లంటే వాళ్లు! ఎంక్వయిరీ అంతటివాడు తలెత్తి చూస్తూ నడిచాడు.

మండపం చూరుకి ఓ మూల రాతి గొలుసు వేలాడుతోంది. గాలి వచ్చినప్పుడల్లా కాస్త ఊగుతోంది. రాయేనండీ, ఊగుతోంది. కడియంలో కడియం, ఎక్కడా అతుకన్నది లేదు.

ఎందుకమ్మ అక్కడే ఆగిపోయింది. గొలుసు వంక చూస్తుంది, తండ్రి వంక చూస్తుంది, రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ నోరు మాత్రం విప్పలేదు.

"అడగనివ్వండి, పాపం," అంది భార్య.

"రేపు అడుగుతుందిలే."

"రేపు మనింట్లో ఈ గొలుసు ఉంటుందా?"

ఎంక్వయిరీ గొలుసు వైపు తిరిగాడు. తీరా గొలుసుని తేరిపార చూస్తే తనకీ అర్థం కాలేదు. అతుకు లేకుండా ఇవి ఒకదాంట్లోకి ఒకటి ఎలా వెళ్లాయి? ఉండబట్టలేక గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాడు.

"ఏమండీ, ఆ గొలుసు ఎలా చేశారంటారు?"

వాచ్‌మన్ తలెత్తలేదు. గోడవైపు వేలు చూపించాడు. "బోర్డు మీద ఉంది, చూసుకోండి."

బోర్డు మీద చెప్పులు ఎక్కడ విప్పాలో ఉంది, తలుపులు ఎప్పుడు మూస్తారో ఉంది. గొలుసు ఊసే లేదు. ఎంక్వయిరీకి చెంప మీద కొట్టినట్టయింది. బస్టాండులో తన బోర్డు సగం చెరిగిపోయి ఉందన్న సంగతి ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు. రోజూ ఎంతమంది దాని ముందు ఇలాగే నిలబడి వెళ్లిపోయారో ఏమో!

తిరిగొచ్చి కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అడుగమ్మా."

"నాది అయిపోయింది కదా."

"నాదుంది. ఇప్పుడే ఒకటి అడిగాను, జవాబు రాలేదు. జవాబు రానిది లెక్కలోకి రాదు. అది నువ్వు తీసుకో."

ఎందుకమ్మ ఒక్క ఊపిరిలో అడిగేసింది. "అతుకు లేకుండా ఎలా దూర్చారు నాన్నా?"

"తెలీదమ్మా," అన్నాడు. కిటికీ వెనక ఆయన ఎన్నడూ అనని మాట. "పద, ఇద్దరం చూద్దాం."

పిల్లని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. మెడ పట్టేసినా కదల్లేదు. చాలాసేపటికి పైనుంచి చిన్న గొంతు వినిపించింది.

"నాన్నా, చూరు రాయిలో తెల్ల చార ఉంది చూడు. అదే మొదటి కడియంలోకి దిగింది. అదే రెండోదాంట్లోకి. కింద దాకా అదే చార." వేలితో గాల్లో చార వెంట గీత గీసింది. "వీటిని దూర్చలేదు నాన్నా. మొదట్నించీ ఒక్కటే రాయి. మధ్యలో ఉన్నది చెక్కి తీసేశారంతే."

ఎంక్వయిరీ ఆ చార వెంట పైనుంచి కిందిదాకా చూశాడు. ఉలి ఒక్క దెబ్బ తప్పితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎవరో ఆ మహానుభావులు, ఒక్క దెబ్బా తప్పలేదు. ఆ సంగతి కనిపెట్టింది తన భుజాల మీద ఉంది.

అంతలో సంచీ పట్టుకున్న ఒక ముసలావిడ దగ్గరికొచ్చింది. "బాబూ, ఈ గొలుసు ఎలా చేశారంటావు?"

అలవాటు కొద్దీ ఎంక్వయిరీ వేలు గోడవైపు లేచింది. సగంలో దించేశాడు. "మా అమ్మాయిని అడగండి మామ్మగారూ. తనకి తెలుసు."

ఎందుకమ్మ దిగి ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆవిడకి చార కనపడలేదు. మళ్లీ చెప్పింది. చూపు ఆనని కళ్లు కదా, ఇంకాస్త వెలుగులోకి జరిపి, వేలితో చూపిస్తూ మళ్లీ చెప్పింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఇంకేమైనా అడగాలా మామ్మగారూ?" అంది ఎందుకమ్మ.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంక్వయిరీ ఆ మాట ఒక్కరినీ అడిగి ఎరగడు. సిగ్గూ గర్వమూ ఒక్కసారే కమ్మేసి, స్తంభం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏవండీ, బస్సు టైమయింది," అంది భార్య.

"పోతే పోనీ. ఆవిడ ఇంకా అడుగుతోంది కదా," అన్నాడు. "తర్వాతి బస్సు ఎప్పుడో నేను వెళ్లి అడిగొస్తాను."