సీసాలో పట్టనిది

"ఒక్క బకెట్టుతో సరిపెట్టలేవూ? రెండోది దేనికి?" అన్నాడు భర్త, బ్రష్షు నోట్లో పెట్టుకునే స్నానాలగదిలోకి తొంగిచూసి.

ఆమె తల ఎత్తలేదు. బకెట్టులో నానుతున్నవి అత్తగారి కింద పరిచిన గుడ్డలు. వాటికి మొదటి నీళ్ళు, సబ్బు నీళ్ళు, చివరి నీళ్ళు అని వేరువేరుగా ఉంటాయి. అవన్నీ ఒక్క బకెట్టులో ఇమడవన్న సంగతి ఉతికే చేతికి తెలుస్తుంది గానీ తొంగిచూసే కంటికి తెలియదు. చివరి నీళ్ళు పారబోయకుండా మొక్కలకు పోయాలన్నది ఆయన పెట్టిన నియమం. మంచి నియమమే. మోసేది మాత్రం ఆమె.

ఊళ్ళో ఆయన్ని పచ్చమాస్టారు అంటారు. కాలేజీలో పర్యావరణం పాఠం చెబుతాడు, సభల్లో అంతకంటే బాగా చెబుతాడు. ఏ సభకు వెళ్ళినా సంచిలో ఒక గాజు సీసా ఉండాల్సిందే. ఎప్పుడో తేనె కొన్నప్పుడు వచ్చిన సీసా అది. దాన్ని పైకెత్తి, "మా ఇంటి నెల రోజుల చెత్త ఇదీ!" అంటాడు. అడుగున రెండు మూడు మందు బిళ్ళల రేకులు, ఓ పాలిథిన్ ముక్క, ఇంకు అయిపోయిన పెన్ను. చప్పట్లే చప్పట్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?

ఆ సీసా అంత ఖాళీగా ఎందుకుంటుందో ఆమె హ్యాండ్‌బ్యాగుకు తెలుసు. సీసా పద్ధతి మొదలైన కొత్తలోనే ఆమెకు నెలసరి వచ్చింది. మందుల షాపులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడి చేసే ఉద్యోగం. గుడ్డ మార్చుకోవడానికి చోటూ ఉండదు, మార్చుకుంటానంటే పంపే యజమానీ ఉండడు. ప్యాడ్లు తప్పవంది. "సరే, నీ ఇష్టం. కానీ అవి సీసాలో వేస్తే నలుగురిలో ఎలా చూపిస్తాను చెప్పు?" అన్నాడాయన. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి ఆమెకే సిగ్గేసింది. పేపర్లో చుట్టి, బ్యాగులో పెట్టుకుని, షాపు దగ్గరి చెత్తడబ్బాలో పడేసి వచ్చింది. దారి పడ్డాక మిగతావీ దాని వెంటే నడిచాయి. చుట్టాలు తెచ్చిన మిఠాయి కవర్లు, పగిలిన ప్లాస్టిక్ మగ్గు, ఆయనే తెచ్చిన చార్జరు తాలూకు అట్టా థర్మోకోలూ. కూరగాయల తొక్కలైతే పెరట్లో ఎరువుగుంటకు వెళతాయి. ఆ గుంట కలియబెట్టేది ఎవరని సభలో ఎవరూ అడగలేదు.

అలాగని ఆమె ఆయన మాటలు నమ్మదా అంటే, నమ్ముతుంది. ఆయనకంటే ఎక్కువే నమ్ముతుందేమో. షాపు వెనక కాలువ నిండా తాను చేతులారా అమ్మిన ప్యాడ్లూ కవర్లే తేలుతుంటాయి. వాన పడ్డ రోజు అవన్నీ మెట్ల దాకా తిరిగొస్తాయి. ఈ భూమిని కాస్త శుభ్రంగా ఉంచాలి, నిజమే. ఆమెకు అర్థం కానిదల్లా, ఆ ఉంచే భారమంతా తన ఇంట్లో ఒక్క నడుము మీదే ఎందుకు పడిందన్నది. భూమికి కోడలిగా రమ్మని తననొక్కదాన్నే అడిగి తెచ్చుకున్నారా?

అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఆ నడుమూ మొరాయించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆవిడ, "మా వాడి చేత గ్లాసైనా కడిగించలేదు నేను, రాజాలా పెంచాను" అని పదిమందిలో చెప్పుకుని మురిసేది. ఇప్పుడు ఆ నోరు సగమే కదులుతుంది. రాత్రి గుడ్డ తడిసినా పిలవదు. కోడలి నిద్ర పాడవుతుందని తడిలోనే పడుకుంటుంది. మొన్న ఒళ్ళు తుడుస్తుంటే నడుము కింద ఎర్రగా కందిన చోట చర్మం చిట్లి కనిపించింది. అలాంటి పుండ్లకు మందు కోసం షాపుకు వచ్చేవాళ్ళను ఆమె చూసింది. మొదట మందు కోసం వస్తారు. తర్వాత ఇంకాస్త పెద్ద మందు కోసం వస్తారు. తర్వాత రారు.

"రాత్రిళ్ళకైనా డైపరు వేద్దామండీ" అంది ఆ సాయంత్రమే.

"అది మట్టిలో కలవాలంటే ఎన్ని తరాలు పడుతుందో తెలుసా? నన్ను గుడ్డలతోనే పెంచింది అమ్మ."

"పెంచారు. ఆ గుడ్డలు ఉతికింది కూడా ఆవిడే."

ఆయన పేపరు తిరగేశాడు. "ఎల్లుండి స్టూడెంట్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. ఇప్పుడా ఈ గొడవ?"

నిన్న ఆమె ఇంటికొస్తూ షాపులోంచి డైపర్ల ప్యాకెట్టు ఒకటి తెచ్చి, పడుకునే ముందు అత్తగారికి ఒకటి వేసింది. ఈ పొద్దున విప్పి, పేపర్లో చుట్టి, ఎప్పట్లాగే బ్యాగులో కుక్కుతోంది. జిప్పు పట్టడం లేదు. మంచం మీంచి అత్తగారు చూస్తూనే ఉంది.

"అదెక్కడికి అమ్మాయ్?"

"షాపు దగ్గర పడేస్తాను అత్తయ్యా."

"నా కంపు భుజానేసుకుని ఊరంతా తిరుగుతావా? ఇంట్లో దీనికి చోటు లేదా?"

"సీసాలో పట్టదుగా."

అత్తగారు పైకప్పు వంకకు చూపు తిప్పుకుంది. ఆవిడ కంటి చివర తడి. "రాత్రి నిద్రపోయాను తెలుసా" అంది మెల్లిగా, చేయకూడని పని చేసినదానిలా.

ఆ గొంతు విని ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు. కుక్కిన పొట్లాన్ని బ్యాగులోంచి బయటికి తీసింది.

ముందుగదిలో విద్యార్థులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. బల్ల మీద సీసా మెరుస్తోంది. "నీళ్ళు కూడా వృథా పోవు మా ఇంట్లో" అంటున్నాడు పచ్చమాస్టారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పిల్ల సీసాను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "సార్, ముగ్గురి చెత్తా ఇంతేనా?"

"ఇంతే" అన్నాడాయన.

ఆమె నడిచి వెళ్ళి పొట్లాన్ని సీసా పక్కన పెట్టింది.

"ఇదీ మా ఇంటిదేనమ్మా. ఇన్నాళ్ళూ ఇలాంటివన్నీ నా బ్యాగులో బయటికి వెళ్ళేవి."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. కోపమో సిగ్గో ఆమె పోల్చుకోలేదు, పోల్చుకోవాలని ప్రయత్నించలేదు కూడా.

"పడుకునేటప్పుడు అత్తయ్యకు ఇది తప్పదండీ. పగలంతా గుడ్డలే వాడదాం, నాకూ అదే ఇష్టం. కాకపోతే ఇవాళ్టి నుంచి అవి మీరు ఉతకండి. నానబెట్టి ఉంచాను. ఒక్క బకెట్టు సరిపోతుందేమో చూడండి."

చెప్పులు వేసుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుంటే అలవాటు కొద్దీ ఆ భుజం కిందికి వంగింది, కానీ వంచే బరువేమీ అందులో లేదు. వాకిలి దాటుతుండగా వెనక గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. మాట ముద్దగా ఉన్నా ముందుగది దాకా స్పష్టంగానే వచ్చింది.

"నాన్నా, చివరి నీళ్ళు పారబొయ్యకు. మొక్కలకి పొయ్యి."