ముల్లు నొక్కని ఈగలు

"ఈసారి ముల్లు నొక్కకు," అన్నాడు డానియేలు ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచుతూ. చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పాడు.

షారోన్ కిటికీ దగ్గర కూర్చుని సన్నటి గాలానికి కోడి ఈక చుట్టి దారం బిగిస్తోంది. డానియేలుకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఏడాది కింద దోస్తులతో పాటు సరదాకు చేపలు పట్టే ఒక గుంపులో చేరాడు. వాళ్లకు ఎర్రలు, పిండిముద్దలు పనికిరావు. ఈకలతో చేసిన దొంగ ఈగను నీళ్లమీద వాలనిచ్చి చేపను మోసం చేస్తారు, పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు. "ఇడిసిపెట్టేదానికి పట్టుడెందుకురా?" అని అత్త ఆగమ్మ మొదట్లో బుగ్గలు నొక్కుకుంది. కొడుకు సరదా కదా, తర్వాత వాడకట్టంతా తనే గొప్పగా చెప్పుకుంది.

ఈగలు కట్టే పని మాత్రం షారోన్‌ది. ఉప్పుగూడలో ఆ ఇంటి కోడలైనప్పటి నుంచీ జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తున్న చెయ్యి ఆమెది. డానియేలు లావు వేళ్లకు దారం నిలవక, ఒక సాయంత్రం విసుక్కుని అంతా ఆమె ఒళ్లో పడేశాడు. అంతే, అంట్లు తోమడంలాగే అదీ ఆమె పనైపోయింది. చికెన్ దుకాణంలో ఈకలు ఏరుకురావాలి, కడిగి ఆరబెట్టాలి, కట్టాలి, చివర్లో పటకారుతో ఎదురుముల్లు నొక్కెయ్యాలి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఆ ముల్లు చేపను జారనివ్వదు. వదిలేద్దామన్నా నోరు చీల్చుకునే బయటికొస్తుంది. అందుకే ఆ గుంపులో ముల్లు ఉన్న గాలం వాడకూడదు.

"పోయినసారి ఫొటో దిగకముందే జారిపాయె. అందరు నవ్విన్రు," అన్నాడు డానియేలు.

"మీ గుంపు సేటుకు తెలిస్తే ఊకుంటడా?"

"తెల్వది. చెప్పింది చెయ్యి."

చెప్పింది చెయ్యడం షారోన్‌కు కొత్త కాదు. ఆమె కడుపు మండేది ఇంకోదానికి. చెరువుకు పోయినప్పుడల్లా ఆడవాళ్లను కూడా తీసుకుపోతారు, వండిపెట్టడానికి. పోయినసారి పొయ్యి దగ్గర నిలబడి విన్నది. గుంపుకు పెద్ద అమరనాథ్ సేటు, మలక్‌పేటలో మిర్చి వ్యాపారి, ఒక ఈగను వెలుగుకు పట్టి చూస్తూ "డానియేలూ, నీ చేతిల మస్తు పనితనం ఉందయ్యా" అన్నాడు. డానియేలు సిగ్గుపడుతున్నట్టు మెడ రుద్దుకుని, "ఏదో సేటు, డ్యూటీ అయినంక కూసుంట," అన్నాడు. ఏమాత్రం తడబడకుండా! ఇంటికొచ్చాక అడిగితే, "నువ్వు కడితేంది, నేను కడితేంది? ఇంట్లదే కదా," అన్నాడు. మరి చేపలు పట్టే రాడ్ కూడా ఇంట్లదే కదా అనుకుని, బట్టలు ఆరేశాక దాన్ని మిద్దె మీదికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. గాలం బదులు ఊలు ముక్క కట్టి, బట్టల తొట్టికి గురిపెట్టి విసిరేది. మొదట్లో అది అత్త చీరకు చిక్కుకునేది. ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ వాలుతోంది. "ఒక్కసారి చెరువుల నన్ను ఏయనియ్యి," అని నోరు తెరిచి అడిగింది కూడా. "మరి అన్నమెవలు వండుతరు?" అన్నాడు డానియేలు, అది నిజంగా ప్రశ్నే అయినట్టు.

అతను చెప్పినట్టే ముల్లు నొక్కకుండా ఆమె డబ్బా నింపింది. తర్వాత ఇంకొకటి కట్టింది, నల్ల ఈకలతో, కప్పపిల్లలా. దానికి మాత్రం ముల్లు నొక్కి తన పర్సులో పెట్టుకుంది.

రెండో శనివారం చెరువు గట్టు మీద అమరనాథ్ జేబులోంచి దూది తీశాడు. "వానలు పడ్డయి. కొర్రమీన్లు పిల్లల్ని కాస్తున్నయి. పిల్లల గుంపు కనవడ్డకాడ ఎవ్వరు ఎయ్యొద్దు. ఇంకోటి, ఇయ్యాల్టి సంది గాలాలు చూసినంకనే నీళ్లలకు దిగుడు. దూది చిక్కిందంటే ముల్లున్నట్టే, వాళ్లు గట్టు మీదనే."

డానియేలు డబ్బాలో మొదటి ఈగకే దూది పోగులు పోగులుగా చిక్కుకుంది. రెండోదానికీ అంతే. అందరూ అతని మొహం చూశారు. అతను పొయ్యి వైపు చెయ్యి చూపించాడు.

"నేను కట్టలే సేటు, మా ఆమె కట్టింది. నొక్కుమనే చెప్పిన. మర్సిపోయినట్టుంది."

షారోన్‌కు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. ఏడాదిగా తనవి కాని ఈగలు రెప్పపాటులో తనవైపోయాయి. మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చింది.

"అవును సేటు, నేనే కట్టిన. మీరు పోయినసారి మెచ్చుకున్నయి గూడ నేనే కట్టిన. ముల్లు నొక్కొద్దన్నది ఈయన. ఇన్నది నేను, గంతవరకు నాది తప్పే." పర్సులోంచి నల్ల ఈగ తీసి దూది మీద తనే లాగింది. ఒక్క పోగూ చిక్కలేదు. "దీనితోని నేను ఏస్త."

అమరనాథ్ ఆ ఈగను వెలుగుకు పట్టి చూశాడు. "రాడ్ ఇయ్యి డానియేలూ."

"మరి అన్నం?" అన్నాడు డానియేలు.

"బియ్యం కడిగిపెట్టిన," అంది షారోన్. "ఎసరు మరిగినంక ఎయ్యి."

చీర ఎగదోపి మోకాలి లోతుకు దిగింది. మిద్దె మీద ఇంత గాలి లేదు. మొదటి విసురు తుంగలో పడింది. గట్టు మీద ఎవరో నవ్వారు, నవ్వుకోనీ అనుకుంది. మళ్లీ విసిరింది. ఈసారి ఈగ ఆమె చూసిన చోటే వాలింది. కొంచెం ఆగి లాగింది, ఆగింది, మళ్లీ లాగింది. నీళ్లు గుబుక్కుమన్నాయి. భుజం దాకా అందిన ఆ బరువుకు ఆమె గట్టిగానే నవ్వింది. కొర్రమీను. ఎక్కువసేపు ఆడించి అలసిపోనివ్వకుండా దగ్గరికి లాక్కుంది. తడి చేతిని దాని పొట్ట కిందుంచి, నీళ్లలోనే గాలం తిప్పింది. తేలిగ్గా వచ్చేసింది.

"పైకెత్తు, ఫొటో తీస్త," అని డానియేలు గట్టు మీంచి అరిచాడు, గరిటె చేతిలోనే ఉంది.

ఆమె ఎత్తలేదు. చేప ఊపిరి కూడదీసుకునేదాకా పట్టుకుని, చెయ్యి తెరిచింది.

ఇంట్లో, కోడలు చేప పట్టిందని విని ఆగమ్మ "చేపేది?" అంది. "ఇడిసిపెట్టిన అత్తమ్మా," అంది షారోన్. ఆగమ్మ కొడుకు మొహం వైపు చూసింది.

మర్నాడు చర్చి నుంచి రాగానే డానియేలు ఖాళీ డబ్బా ఆమె ముందుకు జరిపాడు. "ముల్లు నొక్కే కట్టు తీ. వచ్చే నెలకు ఎన్నయితయి?"

షారోన్ ఈకలు, దారం, గాలాలు అన్నీ సగం చేసి, ఒక సగం అతని ముందు పెట్టింది.

"నాకు రెండు చాలు."