పదహారో హెల్మెట్

పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగే.

శనివారం సాయంత్రం నాలుగున్నర. మే నెల టెక్సస్ ఎండ ఇంకా మాడ్చేస్తోంది. ఐదింటికి ఆట మొదలవ్వాలి. బెంచీ మీదా, గడ్డిలోనూ, నీళ్ల డబ్బా పక్కనా ఎక్కడ హెల్మెట్ కనిపించినా వేలు చూపించి లెక్కపెడుతున్నాను. నేను ఈ టీమ్‌కి కోచ్‌నీ కాదు, మేనేజర్‌నీ కాదు. కాపెల్ ఊళ్లో ఫిజియోథెరపిస్ట్‌ని. లైసెన్సున్న వైద్యం మనిషి ఒకరు పక్కన లేకపోతే రెఫరీ ఆట మొదలుపెట్టడు. నా కూతురు ఆద్య ఈ టీమ్‌లో ఆడుతుంది. అందుకని రెండేళ్లుగా సీజన్‌లో ప్రతి శనివారం భుజాన మందుల సంచీ తగిలించుకుని వచ్చి నిలబడుతున్నాను.

టీమ్ పేరు ఎల్మ్ ఫోర్క్ హెరన్స్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఆడవాళ్ల టీమ్. సెమీ ప్రొఫెషనల్ అంటారు గానీ, ఇందులో ప్రొఫెషనల్ ఎక్కడుందో నాకింతవరకూ కనపడలేదు. జీతాల్లేవు. ఎవరి ప్యాడ్లు వాళ్లే కొనుక్కోవాలి. మైదానం ఏదో ఒక స్కూలు వాళ్లు దయతలిచి ఇవ్వాలి. వారమంతా ఒకామె పిల్లలకి పాఠాలు చెబుతుంది, ఇంకొకామె ట్రక్కు నడుపుతుంది, ఇరవై నాలుగేళ్ల మా ఆద్య సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. శనివారం వచ్చేసరికి అందరూ చేరి ఎదుటివాళ్లని గుద్దుతారు.

హెరన్ అంటే కొంగ. "మీ కొంగలెలా ఉన్నాయి?" అని అడుగుతాడు మా ఆయన శశికాంత్. మమ్మల్ని కారులో తీసుకొస్తాడు గానీ ఆట చూడడు. కూతురి మీద నలుగురు పడుతుంటే చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదట. పార్కింగ్ లాట్‌లో కారులోనే ఏసీ వేసుకుని కూర్చుంటాడు. "ఇంత చదివించింది, వంగుని కాళ్ల మధ్యలోంచి బంతి వెనక్కివ్వడానికా?" అని మొదట్లో ఒకసారి అన్నాడు. ఆద్య టీమ్‌లో సెంటర్. ప్రతిసారీ బంతి తన చేతుల్లోంచి వెనక్కి వెళితేగానీ ఆట కదలదు. ఆ మాట అన్నందుకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు అది. ఆ తర్వాత ఆయన మళ్లీ అనలేదు.

ఇప్పుడు నా కంగారంతా పదహారు అనే అంకె గురించి. లీగ్ రూల్ ప్రకారం ఆడగలిగే స్థితిలో పదహారు మంది లేకపోతే ఆట ఓడిపోయినట్టే. మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలి పదిహేనుకి పడిపోయినా అంతే. సీజన్‌లో అలా రెండుసార్లు జరిగితే టీమ్‌నే లీగ్‌లోంచి తీసేస్తారు. ఏప్రిల్‌లో మాకు ఒకసారి జరిగింది. పోయినేడు ముప్పై నాలుగు మందిమి. ఒకామెకి పాప పుట్టింది, ఒకామె ఊరు మారింది, కొందరికి విసుగు పుట్టింది. మిగిలింది పద్దెనిమిది. అందులో ఇద్దరికి ఈ రోజు డ్యూటీ.

నాలుగూ నలభైకి పదిహేనో మనిషి వచ్చింది. నాలుగూ యాభై రెండుకి ట్రక్కు నడిపే టాన్యా, ప్యాడ్లు ఒంటి మీదే తొడుక్కుని, బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. రెఫరీ వరసలో నిలబెట్టి లెక్కపెట్టాడు. పదహారు. కోచ్ డెనీస్ నా వైపు చూసి ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

ఆట ముందు ఒళ్లు వేడెక్కడానికి గెంతుతారు. అందరూ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటారు. మా వాళ్లు మాత్రం ఆద్య ముందుండి చెబుతుంటే "డిసెంబర్, నవంబర్, అక్టోబర్" అంటూ నెలల్ని వెనక నుంచి ముందుకి అరుస్తూ గెంతుతారు. ఈ సీజన్ మొదటి నుంచీ అంతే. అదొక సరదా అనుకున్నాను. ఒకట్రెండుసార్లు నేనూ చప్పట్లు కొట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆట నిజంగానే బాగా ఆడారు. నాలుగో, అంటే ఆఖరి క్వార్టర్‌లో ఇంకా ఆరు నిమిషాలుండగా పద్నాలుగు, పన్నెండు. మాదే పైచేయి. నేను స్కోరు బోర్డు చూడట్లేదు, కింద పడ్డవాళ్లలో ఎందరు లేస్తున్నారో చూస్తున్నాను. ఒకామె మోకాలు పట్టుకుని, లేచి కుంటుతూ వెళ్లింది. ఒకామె వేలికి టేపు చుట్టి పంపాను.

అప్పుడు ఆద్య బంతి వెనక్కిచ్చి తలెత్తేలోపల అవతలి మనిషి వచ్చి గుద్దింది. రెండు హెల్మెట్లు తాకిన చప్పుడు నాకు వినిపించింది. ఆద్య వెల్లకిలా పడి, వెంటనే లేచింది. మరీ వెంటనే లేచింది. అదే నాకు నచ్చలేదు. రెండడుగులు అవతలి టీమ్ వైపు వేసి, ఆగి, మా వైపు తిరిగింది. రెఫరీ ఆట ఆపి నా దగ్గరకి పంపాడు.

హెల్మెట్ తీయించి బెంచీ మీద కూర్చోబెట్టాను. తలకి దెబ్బ తగిలినప్పుడు అడిగే ప్రశ్నలు ఒక కాగితం మీద ఉంటాయి. వరసగా అడిగాను. ఈ మైదానం ఏది? ఇది ఎన్నో క్వార్టర్? నేను చెప్పే మూడు మాటలు గుర్తుపెట్టుకో: లాంప్, బటన్, రివర్. నెలలు వెనక నుంచి చెప్పు.

అన్నీ చెప్పింది. గడగడా చెప్పింది. "డిసెంబర్, నవంబర్, అక్టోబర్" అంటుంటే దాని మోకాళ్లు కూర్చున్నచోటే చిన్నగా ఎగురుతున్నాయి, గెంతుతున్నట్టు.

అప్పుడు తెలిసింది.

ఆ కాగితం, అందులోని మూడు మాటలతో సహా, వాళ్లకిచ్చింది నేనే. మార్చిలో, అందరికీ తలొక కాపీ, ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ ఇచ్చాను. ప్రశ్నలంటే భయం పోతుందని ఇచ్చాను. చిన్నప్పుడు ఆద్యని స్పెల్లింగ్ పోటీలకి తయారుచేసినప్పుడు పాత పేపర్లన్నీ సంపాదించి వంటింటి గోడకి అంటించేదాన్ని. పరీక్ష అంటే ముందు మోడల్ పేపర్ చేతిలో పెట్టడం తప్ప మనకి ఇంకోటి తెలియదు కదా. నా కూతురు నేను నేర్పినట్టే చేసింది. టీమ్ మొత్తానికి బట్టీ పట్టించింది.

ఈ రెండు నెలల్లో నేను పరీక్ష చేసి "పర్లేదు, ఆడు" అని పంపినవాళ్లు ఏడుగురు. వాళ్ల మొహాలు ఒక్కొక్కటీ కళ్లముందుకొచ్చాయి. ఏడుగురూ పాసే.

నేను వంగి, దాని మొహం నా వైపు తిప్పుకున్నాను. "ఆద్యా, ఇటు చూడు. ఇప్పుడు వేరే మాటలు చెప్తాను. గరిటె, దుప్పటి, చింతపండు. ఏం చెప్పాను?"

"గరిటె, దుప్పటి, చింతపండు. అమ్మా, ఐ యామ్ ఫైన్. వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

"ఉండు. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ ఏం తిన్నావు?"

"ఇడ్లీ." అది నిజమే. కళ్లలోకి టార్చి వేసి చూశాను. వేళ్లు పట్టుకోమన్నాను. ఒక కాలి మీద నిలబడమంటే ఊగి నా భుజం పట్టుకుంది. రెండు నిమిషాలు గడిచాయి.

"ఇందాక నేను చెప్పిన మూడు మాటలేంటి?"

ఆద్య నవ్వింది. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినప్పుడు నవ్వే నవ్వే అది, నాకు దాని ఆరో ఏటి నుంచీ తెలుసు.

"లాంప్, బటన్, రివర్."

చుట్టూ ఉన్నవాళ్లకి ఏమీ అర్థం కాలేదు. కోచ్ డెనీస్ ఆ మూడు మాటలూ విని బొటనవేలు ఎత్తి చూపించింది. వాళ్ల దృష్టిలో ఆద్య పాసైపోయింది. ఫెయిలైందని ఆ మైదానంలో తెలిసింది నాకొక్కదానికే, అది కూడా తెలుగులో.

రెఫరీ వచ్చాడు. "ఆడగలదా, లేదా?" అని అడిగాడు. నేను ఒక్క నిమిషం కావాలన్నాను.

"ఆద్యా, నీకు తలకి దెబ్బ తగిలింది. నిన్ను ఆపేస్తున్నాను."

దాని మొహం ఎర్రబడిపోయింది. "అమ్మా, నో. నో నో. పదిహేను అయిపోతాం."

"తెలుసు."

"నేను ఆడను. ప్రామిస్. హెల్మెట్ పెట్టుకుని ఊరికే కూర్చుంటా. పదహారు ఉంటే చాలు కదా. ప్లీజ్ అమ్మా. సిక్స్ మినిట్సే."

నిజం చెప్పేస్తున్నాను, నా మనసు లాగింది. ఆడదు, బెంచీ మీదే ఉంటుంది, నేను పక్కనే ఉంటాను. ఆట గడియారం ఆగుతూ ఆగుతూ నడుస్తుంది, దాని ఆరు నిమిషాలంటే బయట అరగంట. ఆ అరగంట గడిస్తే టీమ్ బతుకుతుంది. ఇది కాలేజీలో ఉన్నప్పుడు ఒంటరిగా ఏడ్చి ఇంటికి ఫోన్ చేసిన పిల్ల. ఈ పదిహేను మంది దొరికాకే దీనికి నవ్వు తిరిగొచ్చింది. దాన్ని నా చేత్తో తుంచెయ్యాలా? డెనీస్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నేలకేసి చూస్తోంది. ఆమె బతిమాలి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని.

"అమ్మా, స్కోరెంత?" అంది ఆద్య.

"పద్నాలుగు, పన్నెండు. మనమే ముందున్నాం."

"ఓకే. గుడ్." పెదాలు తడుపుకుంది. మైదానం వైపు చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది. "అమ్మా, స్కోరెంత?"

నేను బెంచీ మీదున్న దాని హెల్మెట్ తీసి చంకలో ఇరికించుకున్నాను. వైద్యం చూసేవాళ్లు హెల్మెట్ తీసేసుకుంటే ఇక ఆ మనిషికి ఆట లేదని అర్థం. రెఫరీకి నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన మా వాళ్లని మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేను దగ్గరే ఆగాడు. నేను ఆయన చూపుడు వేలినే చూస్తున్నాను, ఇంకొకటి ఎక్కడైనా దొరుకుతుందేమోనని. విజిల్ ఊది, ఆట అయిపోయిందన్నట్టు రెండు చేతులూ తలమీద అడ్డంగా ఊపాడు.

అవతలి టీమ్ వాళ్లు కూడా సంతోషించలేదు. ఊరికే నిలబడ్డారు. మా వాళ్లలో ఒకామె గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. నన్నెవరైనా తిట్టినా బావుండేది.

టాన్యా నడుచుకుంటూ వచ్చింది. ఆరడుగుల మనిషి. నన్నేమంటుందోనని ఆద్య ముందుకి జరిగాను. టాన్యా తన హెల్మెట్ తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఆమె ఇంగ్లీషులోనే అంది, నేను తెలుగులో చెబుతున్నాను.

"రెండు వారాల కింద నేనూ ఆ కాగితమే అప్పజెప్పాను, గిరిజా. అప్పటి నుంచి ట్రక్కులో లైట్లు చూస్తే కడుపులో తిప్పుతోంది. సోమవారం డాక్టర్ దగ్గరికెళ్తాను. చీటీ రాసిస్తావా?"

రాసిచ్చాను.

ఆద్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతోందంటే ఆలస్యం చెయ్యకూడదు. డెనీస్ ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లాం. శశికాంత్ అప్పటికే కారు తిప్పి, వెనక తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. ఏమైందని అడగలేదు. "హాస్పిటల్‌కా?" అని మాత్రం అడిగాడు.

"ఎమర్జెన్సీకి. ఫాస్ట్‌గా, కానీ కుదుపుల్లేకుండా పోనివ్వండి."

వెనక సీట్లో దాని తల నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. ఇంకా వెలుతురుంది. మొదటి సిగ్నల్ దగ్గర ఆద్య అడిగింది. "అమ్మా, గెలిచామా?"

దానికి అబద్ధం చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆట ఆగిపోయిందని, పదిహేనుకి పడిపోయామని, నేనే ఆపానని చెప్పాను. దాని కళ్లు పెద్దవయ్యాయి. "అయితే టీమ్ లేదా?" అంది. వెక్కి వెక్కి ఏడ్చింది. నా చెయ్యి విదిలించుకుంది. కాసేపటికి ఊరుకుంది.

ఫ్రీవే ఎక్కుతుంటే మళ్లీ అడిగింది. "అమ్మా, గెలిచామా?"

మళ్లీ చెప్పాను. మళ్లీ కళ్లు పెద్దవయ్యాయి. "అయితే టీమ్ లేదా?" అని అదే గొంతుతో, అప్పుడే వింటున్నట్టు ఏడ్చింది. అప్పుడే వింది కదా మరి. నా చెయ్యి మళ్లీ విదిలించుకుంది. కారు మ్యాప్ హాస్పిటల్‌కి ఇంకా పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. ఇంకెన్నిసార్లు చెప్పాలి ఈ పిల్లకి? స్కాన్‌లో ఏముంటుందోనన్న భయం ఒక పక్క, ఇది మళ్లీ నోరు తెరుస్తుందేమోనన్న భయం ఇంకో పక్క. నేను దేవుడికి కూడా సరిగ్గా దండం పెట్టుకోలేకపోయాను.

"అమ్మా," అంది ఆద్య. "గెలిచామా?"

ముందు సీట్లో శశికాంత్ వీపు కనిపిస్తోంది. షర్టు చెమటకి తడిసి అంటుకుపోయి ఉంది. ఏసీ కారులో కూర్చున్న మనిషికి అంత చెమట పట్టదు.

"ఫోర్టీన్, ట్వెల్వ్ తల్లీ," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ స్కోరు ఆయనకి నేను చెప్పలేదు. "మనమే లీడ్."

"టైమ్ ఎంతుంది డాడీ?"

"సిక్స్ మినిట్స్."

"ఓకే." ఆద్య నా చెయ్యి వెతికి పట్టుకుంది. "హోల్డ్ చేస్తాం."