తడిగుడ్డకు లోపలి వైపు

కిటికీకి కట్టిన గుడ్డ తెల్లగా మిగిలిన రోజున నిన్ను తీసుకొచ్చుకుంటానని ఇస్త్రీ కోడలు కూతురికి మాట ఇచ్చింది. మాట ఇచ్చినప్పుడు ఎండాకాలం. ఆ తరువాత వానలు వచ్చాయి, వీధిని ఒకసారి కడిగాయి, వెళ్ళిపోయాయి. గుడ్డ మాత్రం తెల్లబడలేదు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. ఇస్త్రీ కొట్టు మొదట అత్తగారిది. కనుక అత్తగారు ఇస్త్రీ అత్త, ఈమె ఇస్త్రీ కోడలు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఇంటికి చుట్టంలా వస్తాడు. ఉన్నది ఒకటే గది. పగలు అది కొట్టు, రాత్రి అది ఇల్లు. ఆ గదికి ఒకటే కిటికీ. కిటికీకి ఎదురుగా, ఆకాశానికి వేలు చూపి ఎవరినో బెదిరిస్తున్నట్టు, ఫ్యాక్టరీ పొగగొట్టం.

పుట్టింది మొదలు కిచకిచలాడుతోందని పిల్లను పిచ్చుక అన్నారు. ఐదో ఏడు నిండేసరికి ఆ పిచ్చుక గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే ఆయాసం, పరుగెడితే ఆయాసం, నవ్వితే ఆయాసం. డాక్టరమ్మ చాలాసేపు విని, గొట్టం చెవుల్లోంచి తీసి, "ఈ గాలి పిల్లకు పడదమ్మా. కొన్నాళ్ళు మంచి గాలి ఉన్నచోట ఉంచండి" అంది. మంచి గాలి ఇస్త్రీ కోడలి అక్క ఊళ్ళో ఉంది. పిల్ల అక్కడికి వెళ్ళింది. బల్ల కింద, బట్టల మూటకు ఆనుకుని పిల్ల కూర్చునే చోటు ఖాళీ అయింది.

అప్పటి నుంచి ప్రతి ఉదయం ఇస్త్రీ కోడలు ఒక తెల్లని దుప్పటిని రెండు మడతలు వేసి, తడిపి, కిటికీ చట్రానికి బిగించేది. సాయంత్రం విప్పి, విప్పిన చేత్తోనే బకెట్లో ముంచేది. మాసిన గుడ్డ చేతికి వస్తే చూస్తూ నిలబడటం ఆమెకు రాదు, ముంచటమే వచ్చు. గుడ్డ సంగతి నీళ్ళు చెబుతాయని ఆమె నమ్మకం.

"ఇవాళ నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అని ఫోనులో పిల్ల అడిగేది.

"కాఫీలా ఉన్నాయే."

"నిన్న టీ అన్నావుగా!"

"నిన్న టీ. ఇవాళ కాఫీ."

"రేపు పాలు చెయ్యి మరి."

పాలు చెయ్యటం ఆమె చేతిలో పనా? కొలిమిలా మండే ఇస్త్రీపెట్టెను ముడతల మీద నడిపించగలదు కాని, పొగ మీద ఎవరి పెత్తనం సాగుతుంది? పొద్దు వాలాక, పెట్టెలో నిప్పులు చల్లారబోయే ముందు, ఆ చివరి వేడితో ఆమె పిల్ల వదిలి వెళ్ళిన గౌనును ఇస్త్రీ చేసేది. దానికి ముడత లేదు. నిన్ననే చేసింది, మొన్ననూ చేసింది. అయినా చేసేది. ఆ చిన్న చేతులు, ఆ చిన్న మెడ, వేడి తగిలి ఒక్క క్షణం ఒంటి వెచ్చదనమంత వెచ్చబడేవి.

"నిన్న నిద్రలో నన్ను అమ్మా అని పిలిచిందే," అని ఒకరోజు అక్క నవ్వుతూ అంది. ఇస్త్రీ కోడలూ నవ్వింది. ఫోను పెట్టేశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీ ఆగింది. ఏదో పెద్ద మరమ్మతట. పొగగొట్టం నోరు మూసుకుంది. వీధి మీద ఆకాశం కాస్త పైకి లేచింది. ఆ వారమంతా నీళ్ళు తేలికపడుతూ వచ్చి, చివరికి బియ్యం కడిగిన నీళ్ళకు దగ్గరయ్యాయి.

"అక్కా, తీసుకురా," అంది ఆమె.

పిచ్చుక వచ్చింది. పొడుగైంది, ముందు పన్ను ఊడింది. గౌను భుజాల దగ్గరే ఆగిపోతే, "ఇది ఎవరి గౌనమ్మా?" అని అడిగింది. తిన్నగా బల్ల కిందకు దూరి, తన చోటు తనకు సరిపోతుందో లేదో చూసుకుని, మోకాళ్ళు ముడుచుకుని సరిపెట్టుకుంది. పైన ఇస్త్రీ నడిచింది, కింద కిచకిచ నడిచింది. గుమ్మం దగ్గర అత్తగారు బొగ్గులు విసిరి పెట్టె నింపి ఇస్తూ, "మహారాణి వేంచేసింది, ఇక మన మాట ఎవరికి వినబడుతుంది?" అని మురిపెంగా విసుక్కుంది. ఆ పూట ఇస్త్రీ కోడలికి బట్టల గుట్ట కూడా ముద్దొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు పిల్లికూతలు తిరిగొచ్చాయి.

అక్క మందు పీల్పించింది. తల్లి వీపు రాసింది. "ఫ్యాక్టరీ ఆగిందన్నావు కదే?" అని అక్క అంటే, "ఆగిందక్కా! నువ్వే చూడు, పొగ ఉందా?" అని ఆమె వాదించింది, తనతో తానే వాదిస్తున్నట్టు. ఆ హడావిడిలో గుడ్డ విప్పటం, ముంచటం రెండూ మరిచిపోయింది.

తెల్లవారింది. పిల్ల తేరుకుని, స్టూలెక్కి, కిటికీ గుడ్డ మీద తడివేలితో ఏదో గీస్తోంది.

"అమ్మా, నిన్ను వేశాను. చూడు, చేతిలో పెట్టె కూడా ఉంది!"

మసిబారి బూడిదరంగు తేలిన గుడ్డ మీద తెల్లని గీతల్లో ఆమె నిలబడి ఉంది. పిల్ల వేలు చివర మసి. ఇస్త్రీ కోడలు గుమ్మం దాటి, గోడ చుట్టూ తిరిగి, కిటికీకి బయట నిలబడింది. బయటి మడత మీద వీధి దుమ్ము పలచగా ఉంది. అంతే. అక్కడ బొమ్మ గీద్దామన్నా మసి లేదు.

ఆమె లోపలికి వచ్చేసరికి అత్తగారు బొగ్గులు రాజేస్తోంది.

"అత్తయ్యా, ఆ పొగ మనదే. మన పెట్టెదే."

"నా పెట్టె మీద పడ్డావా పొద్దున్నే? నా జుట్టు నల్లగా ఉన్నప్పటి పెట్టె అది. మీ ఆయన దాని పక్కనే పాకాడు. వాడికేమైంది, గుండ్రాయిలా లేడూ?"

"అటక మీద కరెంటు పెట్టె ఉందిగా. అది దింపుదాం."

"కరెంటు పెట్టె ముడతను బతిమాలుతుందే. నా పెట్టె హుకుం జారీ చేస్తుంది. దానికీ దీనికీ పోలి..."

మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చింది. వయసు దగ్గు అని ఇంటిల్లిపాదీ ఏనాడో పేరు పెట్టి వదిలేసిన దగ్గు. అది తగ్గేదాకా పిచ్చుక నానమ్మ ముందు గొంతుక్కూర్చుని, ఆమె ఛాతీకి చెవి ఆనించి, శ్రద్ధగా విని తలెత్తింది.

"నానమ్మా, నీ లోపల కూడా పిల్లి ఉందా?"

అత్తగారు పిల్ల వేలిని తన చేతిలోకి తీసుకుని, మసిని కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా గోటి సందులో కొంచెం మిగిలింది. దాన్ని చాలాసేపు చూసింది. ఆ తరువాత పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, వాకిట్లో నిప్పులు కుమ్మరించి, చెంబెడు నీళ్ళు పోసింది. నిప్పులు బుస్సుమన్నాయి.

"ఏడవకే," అంది, కోడలితోనో పెట్టెతోనో.

అంతలో ఫ్యాక్టరీ కూత వేసింది. మరమ్మతు ముగిసింది. అక్క పిల్ల బట్టలు సంచిలో సర్దింది. ఇస్త్రీ కోడలు ఒక్కొక్కటీ మడతపెట్టి అందించింది. ఉండమనటానికి మాటలు ఉన్నాయి కాని, గాలి లేదు.

అటక దిగిన కరెంటు పెట్టె ఇప్పుడు బల్ల మీద ఉంది. కరెంటు వచ్చిపోతుంటుంది, వచ్చినప్పుడు పెట్టె ముడతలను బతిమాలుతుంది. అత్తగారికి దగ్గు కొంచెం తగ్గింది కాని, ఆ మాట ఒప్పుకోదు. ఇస్త్రీ కోడలు ఉదయం తడిగుడ్డ కడుతుంది, సాయంత్రం విప్పుతుంది. ముంచే ముందు రెండు వైపులా తిప్పి చూస్తుంది.

"ఇవాళ గుడ్డ ఎలా ఉందమ్మా?"

"లోపలి వైపు తెల్లగా ఉందే."

"బయటి వైపు?"

కిటికీకి ఎదురుగా పొగగొట్టం వేలు లేచే ఉంది. "అది నల్లగానే ఉందే తల్లీ."

ఫోనులో కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. పిల్లికూతలు లేని, శుభ్రమైన ఊపిరి. ఆమె చెవిని ఇంకా గట్టిగా ఆనించింది.

"అయితే నేను సగం రానా?"

"రావే. ఏ సగం వస్తావు?"

"మాట్లాడే సగం. దగ్గే సగాన్ని పెద్దమ్మ దగ్గర ఉంచేస్తా."

ఇస్త్రీ కోడలు ఫోను గొంతు పెంచి, వంగి, బల్ల కింద బట్టల మూటకు ఆనించి నిలబెట్టింది. లేచి పెట్టె అందుకుంది. పైన ఇస్త్రీ నడిచింది. కింద, పన్ను ఊడిన సందులోంచి, కిచకిచ మొదలైంది.